సిమెంటు కంపెనీ లాభాలు మీ బాండ్లను కాపాడతాయా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. ఉద్యోగ విరమణ చేశాను. మొత్తం పొదుపు 46 లక్షల రూపాయలు. అందులో 6 లక్షలు ఒక పారిశ్రామిక గ్రూపు హోల్డింగ్ కంపెనీ సెక్యూర్డ్ (ఆస్తి హామీ ఉన్న) ఎన్‌సీడీల్లో, అంటే షేర్లుగా మారని అప్పు పత్రాల్లో (ఏటా 9.75 శాతం వడ్డీ, ఇంకా 14 నెలల గడువు), 2 లక్షలు అదే గ్రూపు విద్యుత్ కంపెనీ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో, లక్షన్నర ఆ గ్రూపు షేర్లలో ఉన్నాయి. క్రెడిట్ రిస్క్ ఫండ్‌లో (తక్కువ రేటింగ్ ఉన్న కంపెనీల బాండ్లు కొనే మ్యూచువల్ ఫండ్) మరో 5 లక్షలు పెట్టాను; దాని పోర్ట్‌ఫోలియోలో ఈ గ్రూపు వాటా 7 శాతం. ఇటీవల హోల్డింగ్ కంపెనీ రేటింగ్‌ను (అప్పు తీర్చే సత్తాకు ఇచ్చే గ్రేడు) ఏఏ నుంచి ఏ మైనస్‌కు తగ్గించారు. వెయ్యి రూపాయల ఎన్‌సీడీ 830కి దిగింది. గ్రూపులోని సిమెంటు కంపెనీ లాభాల్లోనే ఉంది కదా, గడువు దాకా ఆగవచ్చా?

జవాబు: మీ ధైర్యమంతా సిమెంటు కంపెనీ మీద ఉంది; కానీ మీరు అప్పిచ్చింది ఆ కంపెనీకి కాదు. హోల్డింగ్ కంపెనీకి సొంత ఫ్యాక్టరీ ఉండదు, దాని ఆస్తి ప్రధానంగా అనుబంధ కంపెనీల షేర్లే. సిమెంటు కంపెనీ సంపాదించిన సొమ్ము సిబ్బందికి, సరఫరాదారులకు, పన్నులకు, దానికి నేరుగా అప్పిచ్చిన బ్యాంకులకు పోగా మిగిలి, దానిని డివిడెండుగా ప్రకటిస్తేనే మీరు అప్పిచ్చిన హోల్డింగ్ కంపెనీ ఖాతాకు చేరుతుంది. మీరు జతపరచిన ప్రాస్పెక్టస్ (ఎన్‌సీడీల జారీ వివరాల పత్రం) పేజీలో హామీగా చూపినవి కూడా అనుబంధ సంస్థలకు ఇచ్చిన రుణాలు, అడ్వాన్సులే తప్ప భూమి, యంత్రాలు కావు. గ్రూపు కుంగినప్పుడు అన్నిటికంటే ముందు విలువ కోల్పోయేది ఇలాంటి హామీయే. సెక్యూర్డ్ అన్న మాట చూసి నిశ్చింతగా ఉండేవారు నాకు తరచూ కనిపిస్తారు. దేని మీద సెక్యూర్డ్ అని అడిగేవారు మాత్రం తక్కువ.

ఈ తేడా ఎంత దూరం వెళ్తుందో మన దేశపు దివాలా కేసులే చెబుతాయి. 2018లో భూషణ్ స్టీల్‌ను టాటా స్టీల్ తీసుకున్నప్పుడు, నడుస్తున్న ఉక్కు కర్మాగారం చేతిలో ఉంది కాబట్టి, సుమారు 56,000 కోట్ల రూపాయల బకాయిలకు గాను రుణదాతలకు దాదాపు 35,200 కోట్లు దక్కాయి. వీడియోకాన్ విషయంలో 13 కంపెనీలను కలిపి అమ్మకానికి పెట్టినా, సుమారు 64,800 కోట్ల క్లెయిములకు 2021లో ఆమోదం పొందిన ప్రతిపాదన 2,962 కోట్లు మాత్రమే. దానినీ కంపెనీ లా అప్పిలేట్ ట్రైబ్యునల్ 2022 జనవరిలో పక్కన పెట్టింది.

ఇక ధర సంగతి. మీ ఎన్‌సీడీని ఇవాళ 830కి కొన్నవారికి, అంతా సవ్యంగా జరిగితే, రెండు నెలల్లో ఒకటి, 14 నెలలకు ఒకటి చొప్పున రెండు వార్షిక వడ్డీలతో కలిపి 1,195 రూపాయలు వస్తాయి. అంటే 44 శాతం లాభం. అంత లాభాన్ని మార్కెట్ ఊరికే వదిలిపెట్టదు. చెల్లింపు ఆగిపోతే వెయ్యికి 250 రూపాయలే తిరిగి వస్తాయనుకొని, నష్టభయం లేని రాబడి ఏటా 7 శాతమనుకొని లెక్కిస్తే, ఈ ధర వెనుక ఎగవేతకు నూటికి దాదాపు ముప్పై పాళ్ల అవకాశం ఉందన్న అంచనా కనిపిస్తుంది. రేటింగ్ ఇంకా ఏ మైనస్ దగ్గరే ఉందని ఊరట చెందకండి. 2018లో మౌలిక వసతుల రంగానికి రుణాలిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అత్యున్నత శ్రేణి రేటింగ్ నుంచి ఎగవేత స్థాయికి పడటానికి కొన్ని వారాలే పట్టింది.

ఫండ్ పోర్ట్‌ఫోలియోలో ఈ గ్రూపు వాటా 7 శాతమని రాశారు కనుక, అక్కడి 35,000 రూపాయలు కూడా కలిపితే ఒకే గ్రూపులో మీ సొమ్ము 9.85 లక్షలు, పొదుపులో 21 శాతం. జీతం ఆగిపోయిన ఇంటికి ఇది చాలా ఎక్కువ.

మొదట డిపాజిట్ సంగతి చూడండి. దీనికి బ్యాంకు డిపాజిట్లకు ఉన్న 5 లక్షల బీమా వర్తించదు. కానీ ఆరు నెలలు దాటాక కంపెనీ ముందస్తు చెల్లింపుకు ఒప్పుకుంటే వడ్డీలో ఒక శాతం కోతతో అసలు మొత్తం చేతికి వస్తుంది. 17 శాతం నష్టానికి ఎన్‌సీడీ అమ్ముకోవడం కంటే ఇది ఎంతో చవక. దరఖాస్తు ఈ వారమే ఇవ్వండి. షేర్లు అమ్మేయండి, దివాలా పంపకంలో వాటి వంతు అందరికంటే చివర. ఎన్‌సీడీల్లో 4 లక్షల ముఖ విలువ మేరకు అమ్మి, మిగతా 2 లక్షలు ఉంచుకోండి. రోజువారీ లావాదేవీలు పలచగా ఉంటాయి కనుక ఒకేసారి కాకుండా, లిమిట్ ఆర్డర్లతో (మీరు చెప్పిన ధరకు తగ్గకుండా అమ్మే ఆర్డర్లు) నాలుగైదు రోజుల్లో అమ్మండి. దీనివల్ల వచ్చే 68,000 రూపాయల నష్టం బాధిస్తుందని తెలుసు. అయితే దానిని నిబంధనల మేరకు ఇతర మూలధన లాభాలతో సర్దుకోవచ్చు, ఆదాయపు పన్ను రిటర్న్ గడువులోగా వేస్తే ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లవచ్చు.

ఫండ్ విషయంలో తొందర అక్కరలేదు. ఆ 7 శాతంలో ముప్పావు వంతు పోయినా మీ 5 లక్షలకు నష్టం 26,000 రూపాయల దగ్గర ఆగుతుంది. 2018 డిసెంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అనుమతించిన పద్ధతి ప్రకారం ఫండ్ ఆ బాండ్లను విడిగా తీసిపెడితే, తర్వాత వసూలయ్యే సొమ్ములో మీకూ వాటా ఉంటుంది. అయితే విరమణ సొమ్ముకు క్రెడిట్ రిస్క్ ఫండ్ తగినది కాదన్నది నా అభిప్రాయం. ఎగ్జిట్ లోడ్ (ముందుగా వైదొలిగితే ఫండ్ కోసే రుసుము) గడువు దాటగానే బయటికి రండి.

మీరు అమ్మేలోగానే కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళితే చెల్లింపులు ఆగిపోతాయి. ఎన్‌సీడీల తరఫున సాధారణంగా డిబెంచర్ ట్రస్టీ (ఎన్‌సీడీలు కొన్నవారందరి తరఫున వ్యవహరించే సంస్థ) క్లెయిమ్ వేస్తారు. మీ డీమ్యాట్ ఖాతాలోని ఈమెయిల్, బ్యాంకు వివరాలు సరిగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకొని, ట్రస్టీ పేరు ప్రాస్పెక్టస్ నుంచి రాసిపెట్టుకోండి.