మైపాడు నడక రాసిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం చదివాను. మీ నాయనతో కలిసి మైపాడు నుంచి ఒడ్డు వెంబడే ఉత్తరంగా, పెన్న సముద్రంలో కలిసే మొగ దాకా నడిచి రావడం మంచి వస్తువు. ఇంత సముద్రం పెట్టుకుని మన నెల్లూరు జిల్లాలో స్నానాలకీ ఫొటోలకీ పోయేవాళ్లే గానీ, దాని పక్కన నడిచేవాళ్లు తక్కువ. నడిచింది రాసేవాళ్లు ఇంకా తక్కువ. అందుకే ఇది బాగా రావాలని నాకు గట్టిగా ఉంది.

సూర్యోదయానికి ఒక పేజీ ఇచ్చావు. మీ నాయనకు నాలుగైదు వాక్యాలు దక్కాయి. దాన్ని తిరగెయ్యి. సముద్రం మీద పొద్దు పొడవడం చదివేవాళ్లంతా చూసిందే. మీ నాయన తడి ఇసుక మీద ఎట్లా నడుస్తారో నీకొక్కదానికే తెలుసు.

నడిచే ఒంటి దగ్గర మొదలుపెట్టు. ఉత్తరంగా పోతుంటే సముద్రం కుడి పక్కన ఉంటుంది. తడి ఇసుక గట్టిగా ఉంటుందని నీళ్ల అంచునే నడుస్తాం కదా, అక్కడ నేల వాలు. కుడి కాలు కాస్త పల్లాన పడుతుంది, గంట తిరిగేసరికి నడుము ఒక పక్కకు లాగుతుంది. తిరిగొచ్చేటప్పుడు ఆ బాధ ఎడమ కాలిది. ఎండ మాత్రం పొద్దున తూర్పు నుంచీ, మధ్యాహ్నం దాటాక పడమటి నుంచీ రెండుసార్లూ కుడి చెంపనే కాలుస్తుంది. మీ నాయనకు మోకాళ్ల నొప్పులని రాశావు. మరి ఆయన ఎక్కడ వాలు వదిలి మెత్తటి ఇసుకలోకి తప్పుకున్నారు? ఎక్కడ నీ భుజం పట్టుకున్నారు? అవి రాస్తే ‘నాన్నంటే నాకు ప్రాణం’ అన్న వాక్యం నువ్వే కొట్టేస్తావు.

చచ్చిపడిన తాబేలు దగ్గర గబగబా దాటిపోయావు. ‘చాలా బాధేసింది’ అని ఒక్క ముక్క. అక్కడ ఆగాలమ్మా. అది ఆలివ్ రిడ్లీ. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక కాళ్లతో గొయ్యి తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి నీళ్లలోకి వెళ్లిపోతాయి. సముద్రంలోనే బతికినా ఊపిరి కోసం పైకి రావాల్సిందే. ట్రాలర్ అనే పెద్ద మరపడవ వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తాయి. ఇది తెలిసి చూస్తే ఆ బాధ వేరుగా ఉంటుంది. అయితే దీన్ని పాఠంలాగా ఒకే పేరాలో పెట్టొద్దు. మీ నాయన పక్కన కూర్చుని డిప్ప మీది ఇసుక చేత్తో తుడిచారని రాశావే, ఆ తుడవడం నెమ్మదిగా రాయి. ఆ మధ్యలో ఒక్కో సంగతీ చెప్పు. ఇసుక పోయాక ఏం కనిపించింది? వాసన వస్తున్నా ఆయన ఎంతసేపు కూర్చున్నారు? నాకు నీ వ్యాసంలో అన్నిటికన్నా కావాల్సింది ఆ పేరానే.

బకింగ్‌హామ్ కాలువ సంగతి ఎక్కువైంది. 1877-78 కరువులో మద్రాసులో తవ్విన ముక్క, గవర్నర్ పేరు పెట్టడం, అన్నీ నిజాలే. కానీ నువ్వు కాలువ దాటింది ఆటోలో, నడక మొదలవకముందే. తీసి పక్కన పెట్టుకో, ఇంకో వ్యాసానికి పనికొస్తుంది.

‘ఏవో చెట్లు, ఏవో ముళ్లకాయలు’ అని మాత్రం ఎప్పుడూ రాయకు. అవి సరుగుడు తోపులు. గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోయే ఆ ముళ్ల బంతులు రావణాసురుడి మీసాలు. జాలర్ల పల్లె పట్టపుపాళెంలో వల బాగుచేసుకునే ఏ పెద్దాయన్ను అడిగినా విసుక్కోకుండా చెబుతారు. అడిగి రాసుకో.

ఇంకొకటి. పెన్న మొగ దగ్గర మీ నాయన వంగి, దోసిట్లోకి నీళ్లు తీసుకుని నాలుకకు తగిలించుకున్నారని చివర్లో ఎక్కడో రాశావు. ఎందుకని అడిగావా? ఫోన్‌లో వద్దు. ఇంటికి వెళ్లినప్పుడు పక్కన కూర్చుని అడుగు. ఆయన చెప్పింది చెప్పినట్టు, ఆయన మాటల్లోనే రాసుకుని, ఉగాదిలోపు కొత్త ప్రతి పంపు.

ఆశీస్సులతో, ఉంటాను.