ఎం.ఎడ్.లో చేరిన మా అమ్మాయికి: ఏ సెమినార్‌కు వెళ్లాలి, ఏది వదిలేయాలి

చిరంజీవి అమ్ములుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన నోటీసులన్నీ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చదివాను. మీ క్యాంపస్‌లో జాతీయ సదస్సు, రెండు ఆన్‌లైన్ వర్క్‌షాపులు, ఏదో కాలేజీ వాళ్ల అంతర్జాతీయ సెమినార్, లెక్చరర్ అర్హతకు రాసే నెట్, బడి టీచర్ల అర్హతకు రాసే టెట్, ఒక ఫౌండేషన్ ఇంటర్వ్యూలు. "అన్నిటికీ వెళ్లకపోతే వెనకబడిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది పెద్దమ్మా" అన్నావు. వెళ్లాల్సినవి కొన్నే ఉంటాయి తల్లీ. అవేవో తెలియాలంటే ముందు నీ దగ్గర ఒక ప్రశ్న ఉండాలి.

ప్రశ్న అంటే డిసర్టేషన్ టైటిల్ కాదు. టైటిల్ గైడ్ గారితో కూర్చుంటే ఒక పూటలో తేలుతుంది. నిన్ను వదలకుండా వెంటాడేది ఒకటి కావాలి. అది నీ దగ్గర ఇప్పటికే ఉంది. బీఎడ్ ఇంటర్న్‌షిప్‌లో దేవరకొండ వైపు తండా బడికి వెళ్లొచ్చి, పిల్లలు ఇంట్లో మాట్లాడే మాట ఒకటి, పుస్తకంలో తెలుగు ఒకటి అని ఫోన్‌లో గంటసేపు చెప్పావు, గుర్తుందా? నేనూ అలాంటిదే చూశాను. మా బీఎడ్ పిల్లల్ని టీచింగ్ ప్రాక్టీసుకు ఒక తండా బడికి తీసుకెళ్తే, రెండో తరగతి పిల్లాడొకడు పాఠం గడగడా అప్పజెప్పాడు. పాఠం చెప్తున్న అమ్మాయి మురిసిపోయింది. నేను వాడి పక్కన కూర్చుని, పుస్తకంలో బొమ్మ మీద అరచెయ్యి పెట్టి, అదే వాక్యం మళ్లీ చదవమన్నాను. ఆగిపోయాడు. చెయ్యి తీయగానే మళ్లీ అందుకున్నాడు. వాడు బొమ్మను చూసి వాక్యం గుర్తు చేసుకుంటున్నాడు, అక్షరాల దాకా ఇంకా రాలేదు. బయటి నుంచి చూస్తే చదివినట్టే ఉంటుంది. ఇలాంటి పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు, గుణింతం దగ్గరా, ఒత్తుల దగ్గరా, అసలు ఆ మాటే తెలియకనా? నీ ప్రశ్న ఇదే అనుకో. అప్పుడు నోటీసులు చదవడం సులువవుతుంది.

మొదట అంతర్జాతీయ సెమినార్ సంగతి. బ్రోషర్ చూడు. "విద్యలో, వాణిజ్యంలో, సాంకేతికతలో, పర్యావరణంలో నూతన పోకడలు" అంటూ ప్రపంచంలో ఉన్నవన్నీ ఒకే సదస్సులో కలిపేశారు. వక్తల పేర్లు లేవు, ఫీజు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. పేపరు పంపిన వారంలోపే పుస్తకంలో అచ్చు వేస్తామంటున్నారు. వారంలో ఎవరూ నీ పేపరు చదవరు, డబ్బు మాత్రం తీసుకుంటారు. అలాంటి సర్టిఫికెట్లు ఫైలు నిండా పెట్టుకుని ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లల్ని చూశాను. బోర్డులో పెద్దాయన ఫైలు పక్కకు జరిపి, "మీ పేపరులో మీరు కనుక్కున్నది ఏంటమ్మా?" అని ఒక్క మాట అడిగితే జవాబు రాలేదు.

జర్నళ్ల విషయంలోనూ జాగ్రత్త. మంచి జర్నళ్ల పేర్లతో యూజీసీ వాళ్లు పెట్టిన కేర్ లిస్టు 2025లో ఎత్తేశారు కాబట్టి ఏది మంచి జర్నలో ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. పాత సంచికల్లో మూడు వ్యాసాలు చదువు. అందులో ఒక్కటైనా నీకు ఉపయోగపడితే పంపు, లేకపోతే వద్దు.

మీ క్యాంపస్ సదస్సుకు మాత్రం తప్పకుండా వెళ్లు. అబ్‌స్ట్రాక్ట్ కూడా పంపు. 250 మాటలే కదా అని చివరి రాత్రి రాయకు. ఇంతవరకూ తెలిసిందేమిటి, తెలియనిదేమిటి, నువ్వు ఎవరిని చూశావు, ఎలా చూశావు, ఏం కనబడింది, ఈ వరుసలో రాస్తే చాలు. "విద్య సమాజానికి వెన్నెముక" లాంటి వాక్యం మొదట్లో పెడితే కొట్టెయ్. ఇంకా ఫలితాలు రాలేదంటావా? రాలేదనే రాయి. రెండు బడుల్లో చూసినవి చెప్తున్నానని నిజాయితీగా రాసిన అబ్‌స్ట్రాక్ట్‌కు ఎప్పుడూ విలువ ఉంటుంది.

చదివే రోజు నీకు పది నిమిషాలు ఇస్తారు. నీ ముందువాళ్లు ఇరవై తీసుకుంటారు, అప్పుడు ఛైర్మన్ నీకు ఐదే ఇస్తారు. అందుకని ఐదు నిమిషాల్లో అయ్యేలా ఒకటి, పదికి ఒకటి సిద్ధం చేసుకో. స్లైడ్ చూసి చదవకు. తండా పిల్లాడు రాసిన నోటుబుక్ పేజీ ఒకటి, పేరు కనబడకుండా, స్లైడ్ మీద పెట్టి, ఇక్కడ ఏం జరిగిందో చూడండి అంటే హాలంతా నీ వైపు తిరుగుతుంది. వాళ్ల టీచరు అనుమతి మాత్రం ముందే తీసుకో.

నీ సెషన్ అయిపోగానే లేచి వెళ్లిపోకు. నీకు సంబంధించిన వేరే సెషన్‌లో కూర్చుని ఒక్క ప్రశ్నైనా అడుగు. ప్రశ్న అంటే పొగడ్తా కాదు, మన పాండిత్య ప్రదర్శనా కాదు. "మీరు రెండో తరగతి అన్నారు, ఆ పిల్లలు ఒకటో తరగతిలో ఏ పుస్తకం చదివారండీ?" అంతే. భోజనాల వేళ ఆ వక్త పక్కనే ప్లేటు పట్టుకుని నిలబడి మిగతాది మాట్లాడు. నాకు తెలిసిన చాలామందికి పీహెచ్‌డీ గైడ్ దొరికింది అలాంటి భోజనాల దగ్గరే. ఇంటికొచ్చాక రెండు లైన్ల మెయిల్ పెట్టడం మర్చిపోకు.

మీ క్యాంపస్‌లోనే ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడి లైబ్రరీకి వెళ్లావా? వెళ్లి ఉండవు, మీ బ్యాచ్‌లో సగం మందికి అదెక్కడుందో కూడా తెలిసి ఉండదు. సామాజిక శాస్త్రాల సదస్సుల కబుర్లు అక్కడ ముందుగా తెలుస్తాయి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనూ విద్య మీద సభలు జరుగుతుంటాయి, టీచర్ల సంఘాల వాళ్లు వచ్చి అసలు బడుల సంగతులు మాట్లాడతారు. ఫీజూ ఉండదు, సర్టిఫికెట్టూ ఉండదు. అలాంటి చోట్లకు వెళ్లు. పాత పీహెచ్‌డీలు చూడాలంటే శోధ్‌గంగ వెబ్‌సైట్ ఉండనే ఉంది. నీ అంశం మీద ఎవరేం చేశారో అక్కడ చూసుకోకుండా సినాప్సిస్ రాయకు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయ, సవర, కొలామి, బంజారా లాంటి ఎనిమిది భాషల్లో మొదటి తరగతులు మొదలుపెట్టారు. ఆ పుస్తకాలు, వాటి మీద జరిగిన పరిశీలనలు వెతికి పట్టుకుంటే నీ రెండో అధ్యాయానికి బలం వస్తుంది. చిన్న తరగతుల్లో ఇంటి భాషలో చదువు చెప్పాలని 2020 జాతీయ విద్యా విధానమూ అంటోంది కాబట్టి, ఇది పాతబడ్డ సంగతేమీ కాదు.

ఇక నెట్. మీ అమ్మకు దీని మీదే పట్టుదల, నాకూ అంతే. ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు పేర్లతో జరుగుతుంది. ఎం.ఎడ్. చదువుతూనే రాయొచ్చు, కానీ ఆ తర్వాత గడువులోపు 55 శాతంతో పాసవ్వాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 50. రెండు పేపర్లూ ఒకేసారి, మూడు గంటలు, 150 ప్రశ్నలు, 300 మార్కులు. తప్పు రాస్తే మార్కులు పోవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. ఎడ్యుకేషన్ సిలబస్ పది యూనిట్లు. తత్వశాస్త్రం, అభ్యసన, కరికులం, పరిశోధన, సమ్మిళిత విద్య, ఇవన్నీ నీ సెమిస్టర్ పేపర్లే. అందుకే విడిగా కోచింగ్ వద్దంటాను. ప్రతి సెమిస్టర్ పరీక్ష అయిపోగానే అదే యూనిట్‌కు పాత నెట్ ప్రశ్నలు చేసెయ్, అప్పుడే తలలో తాజాగా ఉంటుంది. నువ్వు తెలుగు మీడియం దాన్ని, ఆ పేపరేమో ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తుంది. భావం తెలిసి కూడా ప్రశ్న అర్థంకాక పోగొట్టుకునే మార్కులే ఎక్కువ. రోజూ ఒక ఇంగ్లిష్ వ్యాసం చదివి, పక్కన తెలుగులో నాలుగు వాక్యాలు రాసుకో. నీకు ఎమ్మే తెలుగు కూడా ఉంది కాబట్టి తెలుగు సబ్జెక్టులో రాస్తే సులువేమో అని అడిగావు. ఒక విడతలో ఒకటే రాయగలవు. ముందు ఎడ్యుకేషన్ రాయి.

ఇప్పుడు నెట్ ఉద్యోగానికే కాదు. 2024 నుంచి చాలా చోట్ల పీహెచ్‌డీ ప్రవేశానికీ ఆ మార్కులు చూస్తున్నారు. నెట్‌లో పై మార్కులు వచ్చినవాళ్లకిచ్చే పరిశోధన ఫెలోషిప్, అదే జేఆర్‌ఎఫ్, రాకపోయినా ప్రవేశానికి అర్హత వస్తే, ఆ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ అర్హత ఒక ఏడాదే చెల్లుతుంది, కాబట్టి ఎం.ఎడ్. చివరి ఏడాదిలో రాయడమే సరైన టైము. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. దానికి 30 ఏళ్ల వయోపరిమితి ఉన్నా ఆడపిల్లలకు ఐదేళ్ల సడలింపు ఇస్తారు. పెళ్లి మాట ఎత్తినప్పుడు మీ నాన్నకు ఈ అంకె చెప్పు, నేనూ చెప్తాను. రాష్ట్రం పెట్టే అర్హత పరీక్ష సెట్ నోటిఫికేషన్ వస్తే అదీ రాసెయ్, చదువు ఒకటే.

టెట్, డీఎస్సీ గురించి కూడా నాదొక మాట. టెట్ ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది, డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ ఉంది. మంచి మార్కులు వచ్చేశాయి కదా, ఇక దాన్ని మళ్లీ మళ్లీ రాస్తూ కూర్చోకు. డీఎస్సీ పడితే రాయి, పడలేదని ఎం.ఎడ్. క్లాసులు మానేసి కోచింగ్ సెంటర్‌లో కూర్చోవద్దు. నీకు పీజీ, ఎం.ఎడ్. రెండూ ఉంటాయి కాబట్టి బీఎడ్ కాలేజీల్లో తెలుగు బోధన చెప్పే అర్హత వస్తుంది, నెట్ తోడైతే ఇంకా మంచిది. జిల్లా టీచర్ల శిక్షణ సంస్థల్లో, అంటే డైట్‌లలో, లెక్చరర్ పోస్టుల మీదా కన్నేసి ఉంచు.

నువ్వు పంపిన లిస్టులో లేనిదీ, అన్నిటికంటే నేను ముందు పెట్టేదీ ఒకటుంది. బడులు చూడటం. సెలవుల్లో మదనపల్లె దగ్గర రిషివ్యాలీకి వెళ్లిరా, ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకుని. అక్కడి రివర్ సంస్థ వాళ్లు ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలకు ఒక్క టీచరు ఎలా చెప్పాలో ఏళ్ల తరబడి పని చేసి తేల్చారు. గోడకు నిచ్చెనలాంటి పటం ఉంటుంది, పిల్లలు తాము ఎక్కడున్నారో అందులో చూసుకుని, తమ మెట్టుకు తగిన కార్డు తామే తెచ్చుకుని కూర్చుంటారు. టీచరు కొత్త మెట్టు ఎక్కినవాళ్ల దగ్గర కూర్చుంటుంది. మిగతావాళ్లు తమలో తాము చేసుకుంటారు. చెన్నై బడుల్లో వచ్చిన కార్యకలాపాల పద్ధతికి మూలం ఇక్కడే. ఏకోపాధ్యాయ తండా బడి గురించి రాయబోయేదానివి, ఇది చూడకుండా ఎలా రాస్తావు? వెళ్తే ఒక రోజంతా ఒకే పిల్లను గమనించు. ఏ కార్డు తీసింది, ఎంతసేపు చేసింది, ఎక్కడ ఆగింది, ఎవరిని అడిగింది, అన్నీ రాసుకో. ఫొటోలు తర్వాత.

సికింద్రాబాద్‌లో ఎంవీ ఫౌండేషన్ వాళ్లనూ కలువు. బాలకార్మికుల్ని పని మాన్పించి, బ్రిడ్జి క్యాంపుల ద్వారా బడికి చేర్చిన అనుభవం వాళ్లది. శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది ఆ పనికే. పెద్దయ్యాక మొదటిసారి అక్షరం దిద్దిన పిల్లలకు చదువు ఎలా వచ్చిందో వాళ్లకు తెలుసు. పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వే జరిగే ఏడాదైతే వలంటీరుగా పేరివ్వు. చాలా జిల్లాల్లో కాలేజీ పిల్లలే ఇల్లిల్లూ తిరిగి అది చేస్తారు. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ, ఈ నాలుగు మెట్లలో పిల్లల చేత చదివించే పరికరం తెలుగులో ఉచితంగా దొరుకుతుంది. నీ డిసర్టేషన్‌కు అదే మొదటి పరికరం అవుతుంది.

ఫౌండేషన్ ఇంటర్వ్యూకి వెళ్లు, అజీమ్ ప్రేమ్‌జీ వాళ్లదే కదా. ప్రభుత్వ టీచర్లతో కలిసి జిల్లాల్లో పనిచేయాలి, ఊరు మారాల్సి రావచ్చు. ఎంపికైనా చేరాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం.

ఆన్‌లైన్ వర్క్‌షాపుల్లో డేటా లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్ మీద ఉన్నదానికి చేరు, డేటా వచ్చాక ఎవరి కాళ్లా పట్టుకోనక్కర్లేదు. రెండోది వదిలెయ్. ఈపాస్ స్కాలర్‌షిప్ రెన్యువల్ తేదీ దాటిపోకుండా చూసుకో, ఆధార్‌లో పేరూ మెమోలో పేరూ ఒకేలా ఉన్నాయో లేదో ఈ వారమే సరిచూసుకో.

క్యాంపస్ సదస్సు అబ్‌స్ట్రాక్ట్‌కు ఇంకా మూడు వారాలు టైముంది. మొదటి ముసాయిదా ఆదివారం లోపు నాకు పంపు, తెలుగులోనే పంపు. ఇంగ్లిష్ చేయడం తర్వాత ఇద్దరం కూర్చుని చేద్దాం. రిషివ్యాలీకి ఉత్తరం కూడా నువ్వే రాయి, నేను చూసి పెడతాను. దారి ఖర్చులు నావి, మీ నాన్నతో చెప్పాను.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ