అదే పాపం మళ్ళీ మళ్ళీ చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది

ప్రశ్న: నా వయసు 41. కథోలిక క్రైస్తవురాలిని. ఉద్యోగం చేస్తున్నాను, ఇద్దరు పిల్లలు. మా అత్తగారికి మతిమరుపు జబ్బు. నాకు పెళ్ళైన కొత్తలో జపమాల అలవాటు చేసింది ఆవిడే. ఇప్పుడు నేను ఆవిడ నగలు దొంగిలించానని అందరి ముందూ అంటున్నారు. ఒకే మాట పదే పదే అడుగుతారు, రాత్రిళ్ళు లేచి తిరుగుతారు. నేను అరుస్తున్నాను. మొన్న కోపంలో చెయ్యి పట్టి గుంజితే కమిలిపోయింది. మావారు మంచివారే కానీ ఈ పనులన్నీ నావే అన్నట్టు ఉంటారు. గుడికి ఎలాగూ రారు. ఒకప్పుడు రోజూ గుడిలో పూజకి (మాస్‌కి) వెళ్ళేదాన్ని. ఇప్పుడు జపమాల పట్టుకుంటే అందులోని అయిదు భాగాల్లో రెండోది, రెండో దేవరహస్యం కూడా అవకుండానే నిద్ర. గురువు దగ్గర పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి ఎప్పుడు వెళ్ళినా ఇదే కోపం గురించి చెప్పాల్సి వస్తోంది. సిగ్గేసి వెళ్ళడం మానేశాను, పూజలో ఇచ్చే సత్ప్రసాదమూ తీసుకోవడం లేదు. మా ప్రార్థన కూటంలో ఒకామె 'నీ విశ్వాసం సరిగ్గా ఉంటే ఇంట్లో శాంతి ఉండేది' అంది. గుడీ కూటమూ అన్నీ మానేద్దామా అనిపిస్తోంది. దేవుడు నన్ను వదిలేశాడా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అంతా చదివాక కూడా నా మనసు ఆ కమిలిన చెయ్యి దగ్గరే ఉండిపోయింది. మీరు దాన్ని పాపాల చిట్టాలో ఒకటిగా రాసేసి ముందుకి వెళ్ళిపోయారు. మనం ముందు దాని గురించే మాట్లాడుకుందాం.

రాత్రి నిద్ర లేదు, పగలు ఉద్యోగం, సాయంత్రం నిందలు. ఎంత ఓర్పు ఉన్నవాళ్ళకైనా ఒక హద్దు ఉంటుంది, మీరు దాన్ని దాటేశారు. దీన్నిబట్టి మిమ్మల్ని చెడ్డమనిషి అని నేననను. అలాగని తేలిగ్గా వదిలేసే విషయమూ కాదు, ఎందుకంటే తనకి ఏం జరిగిందో ఇంకొకరికి చెప్పుకునే శక్తి ఆవిడకి లేదు. మళ్ళీ అలాంటి కోపం వస్తున్నట్టు అనిపిస్తే, ఆవిడ పడిపోకుండా కూర్చోబెట్టి మీరు గది బయటికి వచ్చేయండి. ఆవిడ కేకలు వేసినా సరే, కాసేపు బయటే ఉండండి. జరిగింది మీవారికి ఇవాళే చెప్పండి. దాచారంటే ఇది మళ్ళీ జరుగుతుంది.

నగల సంగతి. ఈ జబ్బు ఉన్నవాళ్ళు వస్తువు ఎక్కడ పెట్టారో మర్చిపోతారు, పెట్టామన్న సంగతే మర్చిపోతారు. కనిపించకపోయేసరికి ఎవరో తీశారని నమ్ముతారు. ఎప్పుడూ పక్కనుండి చూసుకునే మనిషి మీదే ఆ అనుమానం పడుతుంది. అంటే ఎక్కువ సేవ చేసేవాళ్ళకే ఎక్కువ తిట్లు. అన్యాయమే, కానీ అది జబ్బు చేసే అన్యాయం. 'నేను తియ్యలేదు' అని వాదిస్తే గొడవ పెరుగుతుంది. 'కనిపించలేదా, పదండి వెతుకుదాం' అంటే చాలాసార్లు చల్లబడతారు. పొద్దుగూకే వేళ చిరాకు ఎక్కువవడం కూడా మామూలే కాబట్టి స్నానం లాంటివి ఆ సమయానికి పెట్టుకోకండి. ఉన్నట్టుండి పరిస్థితి బాగా దిగజారితే మాత్రం డాక్టరుకి చూపించండి. ఒక్కోసారి మూత్రంలో ఇన్‌ఫెక్షన్, బయటికి చెప్పుకోలేని నొప్పి కూడా అలా చేస్తాయి.

ఇక విశ్వాసం. మీరు ఫ్రాన్సు దేశపు పునీతురాలు (సెయింట్) లిసియూ చిన్న తెరేజమ్మ (1873–1897) గురించి వినే ఉంటారు. చేతిలో గులాబీలున్న ఆవిడ బొమ్మ చూసి, కష్టమే తెలియని మనిషి అనుకుంటాం. ఆవిడ ఉన్న కార్మెల్ కన్యాస్త్రీల మఠంలో నడవలేని ఒక పెద్ద సిస్టర్ ఉండేవారు. సాయంత్రం ఆవిడని ప్రార్థన దగ్గర్నుంచి భోజనశాలకి నడిపించుకు వెళ్ళే పనికి తెరేజమ్మ తనంతట తానే ముందుకొచ్చింది. గబగబా నడిస్తే పడేస్తావంటారు, మెల్లగా నడిస్తే వెనక నీ చెయ్యి తగలడం లేదు, వదిలేశావంటారు. చివరికి, ఈ పనికి నువ్వు మరీ చిన్నపిల్లవి అంటారు. తెరేజమ్మ ఆవిడని కూర్చోబెట్టి, వంకర్లు పోయిన ఆ చేతులతో ఆవిడ రొట్టె కోసుకోలేకపోవడం చూసి, అదీ కోసిపెట్టి, ఒక చిరునవ్వు నవ్వి వెళ్ళేది. కొన్నాళ్ళకి ఆ సిస్టర్ మనసు కరిగింది. తనకి అన్నిటికన్నా నచ్చింది ఆ చివరి చిరునవ్వేనట.

ఈ కథ చెప్పి 'నువ్వూ అలాగే ఓర్చుకో తల్లీ' అనేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను అలా అనడం లేదు. ఆ నడక సాయంత్రం పూట కాసేపే. తర్వాత మిగతా సిస్టర్లు ఉన్నారు, పనులు పంచుకునే ఒక మఠం ఉంది. మీరు ఒక మఠం మొత్తం చెయ్యాల్సిన పని ఒంటరిగా చేస్తూ, తెరేజమ్మలా ఎందుకు నవ్వలేకపోతున్నానని మిమ్మల్ని మీరే తిట్టుకుంటున్నారు.

ఆ ఇంటి కథలో ఇంకో భాగం ఎవరూ అంతగా చెప్పరు. తెరేజమ్మ తండ్రి లూయీ మార్టిన్‌కి చివరి ఏళ్ళలో మతి చెదిరింది. 1888లో ఒకసారి చెప్పాపెట్టకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోతే వెతికి తీసుకొచ్చారు. ఇంట్లో చూసుకోవడం సాధ్యం కాక 1889లో మానసిక రోగుల ఆసుపత్రిలో చేర్చారు. మూడేళ్ళకి పైగా అక్కడే ఉన్నారు. ఊళ్ళో మాటలు పడ్డారు, కూతుళ్ళు కుమిలిపోయారు. 2015 అక్టోబర్ 18న ఆయన్నీ భార్య జేలీనీ కలిపి పోప్ ఫ్రాన్సిస్ పునీతులుగా ప్రకటించారు. అంత భక్తి ఉన్న కుటుంబమే బయటి సాయం తీసుకుంది. మీరు ఒక నర్సునో ఆయానో పెట్టుకోవడానికి, కొన్నాళ్ళు సంరక్షణ కేంద్రంలో ఉంచడానికి ఆలోచిస్తే అది ప్రేమ లేకపోవడం కాదు.

అన్నిటికన్నా ముందు మీ ఇంట్లోనే ఒక మనిషి ఉన్నారు కదా. మీవారు గుడికి రావడం లేదని మీరు బాధపడుతున్నారు, అర్థమవుతుంది. ప్రస్తుతానికి ఆ పోరు పక్కన పెట్టండి. ఆయన్ని గుడికి రప్పించే ముందు వాళ్ళమ్మ మంచం దగ్గరికి రప్పించండి. 'నాలుగో ఆజ్ఞ తల్లిదండ్రులను గౌరవించమంది' అని ఉపదేశం మొదలుపెడితే తప్పించుకుంటారు, కాబట్టి పని పేరు పెట్టి అడగండి. 'వారంలో ఫలానా రెండు రాత్రులు అత్తయ్య గదిలో మీరు పడుకోండి, ఆదివారం పొద్దున పూజ వేళకి మీరు చూసుకోండి, డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్ళండి' అని ఆయనతో అనండి. మొదట్లో సరిగ్గా చెయ్యరు. చెయ్యనివ్వండి. వెనకే నిలబడి సరిదిద్దితే ఆ పని మళ్ళీ మీ నెత్తినే పడుతుంది.

ప్రార్థనలో నిద్ర పట్టడం గురించి నాకు దిగులు లేదు. తెరేజమ్మకీ పట్టేది. పిల్లలు మేలుకుని ఉన్నా నిద్రపోతున్నా తల్లిదండ్రులకి ఒకేలా ముద్దు అని సరిపెట్టుకుంది. అయిదు దేవరహస్యాలు పూర్తి చేసి తీరాలన్న పంతం ఈ రోజుల్లో మీకు వద్దు, ఒకటి చాలు. అదీ మంచం మీద కాదు, అత్తగారి పక్కన కూర్చుని పైకి చెప్పండి. ఇది నేను గట్టిగా చెప్పే సలహా. ఈ జబ్బులో కొత్త సంగతులు ముందు పోతాయి, చిన్నప్పట్నుంచీ నోటికి వచ్చిన జపాలు, పాటలు చాలాకాలం మిగులుతాయి. మీ పేరు మర్చిపోయిన మనిషి 'దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా' అనగానే తర్వాతి మాట అందుకోవచ్చు. అందుకోకపోయినా నష్టం లేదు.

రాత్రి ఆత్మపరిశోధన మీరు తప్పులు ఏరుకోవడంతోనే మొదలుపెడుతున్నట్టున్నారు. జేసు సభ స్థాపకుడు పునీత ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన పద్ధతిలో మొదటి మెట్టు కృతజ్ఞత. రెండే నిమిషాలు చేసినా ఆ వరుస తప్పకండి.

పాపసంకీర్తనానికి తప్పకుండా వెళ్ళండి. మన స్వభావం ఎప్పుడూ ఉండేదే కనుక మన పాపాలూ చాలావరకు పాతవే ఉంటాయి. ప్రతిసారీ కొత్తవి చెప్పాల్సి వస్తే అప్పుడు కంగారుపడాలి. విసుగులో అరిచిన మాటలన్నీ చావైన పాపాలు, అంటే ఘోర పాపాలు కావు. విషయం గంభీరమైనదై, అలా అని పూర్తిగా తెలిసి, కావాలని మనస్ఫూర్తిగా చేస్తేనే అది చావైన పాపమని శ్రీసభ (కథోలిక సంఘం) బోధ. స్వల్ప పాపాలు సత్ప్రసాదానికి అడ్డు కావు. పైగా సత్ప్రసాదమే వాటిని కడుగుతుంది. చెయ్యి కమిలిన సంగతి మాత్రం మీకు మీరే తీర్పు చెప్పుకోకుండా గురువుకి ఉన్నదున్నట్టు చెప్పండి, మీ రాత్రులు ఎలా గడుస్తున్నాయో కూడా కలిపి చెప్పండి. ఆవిడని చూసుకోవడానికి ఎవరూ దొరక్క ఏ ఆదివారమైనా పూజ తప్పిపోతే అది పాపం కాదు. జబ్బు మనిషిని కనిపెట్టుకుని ఉండటం తగిన కారణమే. శనివారం సాయంత్రం పూజ ఉంటే అది కూడా ఆదివారం పూజగా చెల్లుతుంది.

మీ కూటంలో ఆమె అన్న మాట తప్పు. శాంతి అనుభవించడమే విశ్వాసానికి కొలత అయితే మదర్ తెరీసా ఓడిపోయినట్టే. దేవుడు దగ్గరున్నాడన్న అనుభూతి లేకుండానే ఆవిడ దశాబ్దాలు పనిచేశారని, చనిపోయిన పదేళ్ళకి 2007లో అచ్చైన ఉత్తరాల్లో లోకానికి తెలిసింది. ఆ స్నేహితురాలితో వాదన వద్దు. ఈసారి అలా అంటే, 'శనివారం సాయంత్రం ఒక గంట అత్తయ్య దగ్గర కూర్చుంటావా, నేను పూజకి వెళ్ళొస్తాను' అని అడిగి చూడండి.

గుడి, కూటం మానేసే నిర్ణయం ఇప్పుడు తీసుకోకండి. మనసు చీకట్లో ఉన్నప్పుడు, అంతకుముందు ప్రశాంతంగా తీసుకున్న నిర్ణయాలు మార్చకూడదని ఇగ్నేషియస్ నియమం. ముందు సరిగ్గా నిద్రపోండి. విశ్రాంతి దొరికాక కూడా కొన్ని వారాలు దేని మీదా ఆసక్తి లేకపోతే, చచ్చిపోతే బాగుండనిపిస్తే, ఆలస్యం చెయ్యకుండా మానసిక వైద్యుల్ని కలవండి. అది విశ్వాసానికి పరీక్ష కాదు, వైద్యం చేయించుకోవాల్సిన జబ్బు.

మీవారితో మాట్లాడాక మీ విచారణ (పారిష్) గురువుకి ఫోన్ చెయ్యండి. అత్తగారికి వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, అంటే జబ్బు మనిషికి నూనె పూసి చేసే ప్రార్థన, ఇవ్వమని అడగండి. ఆఖరి ఘడియ వచ్చేదాకా ఆగనక్కర్లేదని కథోలిక బిషప్పుల రెండో వాటికన్ మహాసభే (1962–65) చెప్పింది. మీవారు, పిల్లలు కూడా ఇంట్లో ఉండే రోజు చూసి రమ్మనండి. అదే రోజు కాసేపు విడిగా కూర్చుని మీ పాపసంకీర్తనం కూడా వినమని అడగండి. ఇల్లు కదలడం కష్టమైన వాళ్ళ కోసం ఫాదర్లు అలా చేస్తూనే ఉంటారు.