కొట్టుకు 4590టి మేలా, 6500టి మేలా?

చి. శ్రీనుకు,

పెదనాన్న ఆశీస్సులు. మిర్చి యార్డులో కొట్టుకు సెకండ్ హ్యాండ్ మినీ పీసీ చూస్తున్నావనీ, రెండింట్లో ఏది తీసుకోవాలో తేలక ఆగావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఒకదాంట్లో ఐ5-4590టి, ఇంకోదాంట్లో ఐ5-6500టి ప్రాసెసర్లు ఉన్నాయట. నా మాటగా 6500టి తీసుకో. వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా వెనకాడకు. ఎందుకో కూడా చెప్తాను, బేరం దగ్గర నీకు పనికొస్తుంది.

రెండూ ఇంటెల్‌వే. పేరు చివర 'టి' ఉంటే తక్కువ కరెంటు రకమని గుర్తు. రెండింటికీ రాసేది 35 వాట్లే. టి లేని మామూలు 6500కి 65. ఈ అంకె చూసి కరెంటు బిల్లు సగమవుతుందని అనుకోకు. అది ప్రాసెసరు మీద పూర్తి పని పడ్డప్పుడు వచ్చే వేడికి సంబంధించిన లెక్క. గుమస్తా బిల్లులు కొట్టుకుంటున్నంతసేపూ 65 వాట్లదైనా 35 వాట్లదైనా తీసుకునే కరెంటు దాదాపు ఒకటే. టి రకంతో అసలు లాభం వేరే ఉంది. వేడి తక్కువ కాబట్టి చిన్న డబ్బాలో చిన్న ఫ్యానుతో నడుస్తుంది, ల్యాప్‌టాప్ అడాప్టర్ లాంటిది సరిపోతుంది. ఎండాకాలం కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద పెద్ద బరువు పడదు.

4590టి 2014 నాటిది, నాలుగో తరం. 6500టి 2015 నాటిది, ఆరో తరం. రెండింటికీ నాలుగేసి కోర్లు, అంటే లోపల పనిచేసే భాగాలు, 6 ఎంబీ క్యాష్ మెమరీ. మామూలు స్పీడు మొదటిదానికి 2.0 గిగాహెర్ట్జ్, రెండోదానికి 2.5. టర్బోలో, అంటే పని ఎక్కువైనప్పుడు పెంచుకునే స్పీడులో, 3.0, 3.1. ట్యాలీలో ఎంట్రీలు వేసుకోవడానికి, రైతులకు సరుకు లెక్క రాసిచ్చే పట్టీలు ప్రింటు తీయడానికి ఈ తేడా నీకు తెలియనే తెలియదు. అంతవరకే పనైతే చవకైనదే తీసుకోమనేవాణ్ణి.

కానీ నువ్వు కెమెరాలు కూడా దాని మీదే చూస్తానన్నావు. ఇప్పుడు వచ్చే సీసీ కెమెరాలు చాలావరకు హెచ్.265లో, అంటే వీడియోను బాగా కుదించే పద్ధతిలో, రికార్డు చేస్తాయి. 6500టిలోని హెచ్‌డీ 530 గ్రాఫిక్స్‌లో మామూలు 8-బిట్ హెచ్.265 వీడియోను విప్పే ఏర్పాటు ఉంది, కోర్ల మీద భారం పడదు. 4590టిలోని హెచ్‌డీ 4600 గ్రాఫిక్స్‌కి ఆ ఏర్పాటు పూర్తి స్థాయిలో లేదు, కాబట్టి ఆ పని కోర్లే చెయ్యాలి. నాలుగు కెమెరాలు ఒకేసారి తెరిస్తే ఫ్యాను హోరెత్తుతుంది, ట్యాలీ నత్తనడక నడుస్తుంది. సీజన్లో యార్డుకు లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) దాటి వచ్చే రోజున కాటా దగ్గర రైతు నిలబడి ఉండగా అలా అయితే ఎంత టెన్షనో నీకు తెలియనిది కాదు. కెమెరా సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఈ విప్పే పనిని గ్రాఫిక్స్‌కి అప్పగించే హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆన్ చేసుకోవడం మాత్రం మర్చిపోకు.

కొనేటప్పుడు డబ్బా మీది స్టిక్కరు నమ్మొద్దు. ఆన్ చేయించి టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ తెరిచి, ప్రాసెసరు పేరు, కోర్ల సంఖ్య నీ కళ్లతో చూడు. నాలుగో తరంలోనే ఐ5-4570టి అని ఒకటుంది. అదీ 35 వాట్లదే, స్పీడు 2.9 అని రాసి ఉంటుంది. 2.0 కంటే 2.9 గొప్పదనిపిస్తుంది, కానీ దానికి ఉన్నవి రెండే కోర్లు. 4590టి పేరు చెప్పి అది అంటగడితే తీసుకోకు.

ర్యామ్ 8 జీబీ, ఎస్ఎస్‌డీ ఉండి తీరాలి. పాత హార్డ్ డిస్క్ ఉంటే ఏ ప్రాసెసరైనా ఈడుస్తూనే ఉంటుంది.

ఇంకో సంగతి. విండోస్ 10కి మామూలు సపోర్టు, అంటే భద్రతా అప్‌డేట్లు రావడం, 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఈ రెండింటికీ రాదు. ఇంటెల్‌లో అది వచ్చేది దాదాపు ఎనిమిదో తరం నుంచే. ఎలాగోలా ఎక్కించి ఇస్తామని అంటారు, ఒప్పుకోకు. అందుకే కొట్టు బ్యాంకు లావాదేవీలు ఈ కంప్యూటర్లో పెట్టుకోవద్దు. అవి కూడా ఇందులోనే చెయ్యాలంటే ఇంకొంచెం డబ్బు కూడేసి 2018 నాటి ఐ5-8500టి ఉన్నది వెతుకు. అదీ 35 వాట్లదే, ఆరు కోర్లు, విండోస్ 11 సక్రమంగా ఎక్కుతుంది. ఈ రెండింటి మధ్యే తేల్చుకోవాలంటే మాత్రం 6500టి.

తెచ్చాక నేల మీద పెట్టకు, టిక్కీల పక్కన అసలే వద్దు. యార్డు కొట్లలో వాడిన పీసీలు విప్పితే ఫ్యాను వెనక రేకుల మధ్య ఎర్రటి దుమ్ము చాపలాగా అట్టకట్టి ఉంటుంది, గాలి దూరే సందే ఉండదు. వేడి ఎక్కువై ప్రాసెసరు తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది, మనం వైరస్ అనుకుంటాం. సీజన్లో నెలకోసారి ప్లగ్గు తీసి, మూత విప్పి, ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని బ్లోయర్‌తో ఊదు. పట్టుకోకపోతే రెక్కలు మరీ వేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. మూతికి, ముక్కుకు గుడ్డ కట్టుకుని బయట వరండాలో చెయ్యి. ఆ దుమ్ములో మిరప ఘాటు అలాగే ఉంటుంది. ప్రాసెసరు వేడిని బయటికి లాగడానికి దాని మీద పూసే థర్మల్ పేస్టు ఇన్నేళ్లకు ఎండిపోయి ఉంటుంది, కొన్న రోజే కొత్తది వేయించు. లేదా ఆదివారం బ్రాడీపేట ఇంటికి పట్టుకురా, నేనే వేసి ఇస్తాను. అడాప్టరు కూడా తీసుకురా, ఒరిజినలో కాదో చూద్దాం.

మీ పెదనాన్న