పరోక్ష హెర్నియా కంటికి కనిపిస్తుందా?

సందేహం: ఒక ఆరోగ్య వ్యాసంలో గజ్జల్లో వచ్చే హెర్నియాను ‘ప్రత్యక్ష’, ‘పరోక్ష’ అని రెండుగా విడదీశారు. పరోక్షం అంటే కంటికి కనిపించనిది కదా! అదే వ్యాసంలో ‘పరోక్ష హెర్నియా వృషణాల సంచిలోకి దిగి పెద్దగా కనిపిస్తుంది’ అని రాశారు. ఇదెలా పొసగుతుంది? పైగా ‘వరిబీజం అనే ఈ హెర్నియా’ అన్నారు. రెండూ ఒకటేనా?

సమాధానం: మీ అనుమానం సబబే. అక్షి అంటే కన్ను. కంటి ఎదుట ఉన్నది ప్రత్యక్షం, కంటికి అవతల ఉన్నది పరోక్షం. అయితే ఈ మాటలు అక్కడే ఆగిపోలేదు. పరోక్ష పన్ను, పరోక్ష ఎన్నిక అన్నప్పుడు కన్ను సంగతి ఎవరికీ గుర్తురాదు. సూటిగా కాక మరొకరి ద్వారా జరిగేది అనే అర్థమే తడుతుంది. వైద్య వ్యాసాల్లోకి వచ్చింది ఈ రెండో అర్థమే కనుక తప్పని కొట్టిపారేయలేం. కానీ వాపు గురించి చదివేవారు మొదట చూసేది అది పైకి కనిపిస్తుందా లేదా అనే. అక్కడ ‘పరోక్ష’ అంటే తికమక తప్పదు.

అసలు ఆ విభజన హెర్నియా బయటపడిన దారినిబట్టి వచ్చింది. తుంటి ఎముక ముందు మొన నుంచి కింద జఘనాస్థి (మర్మాంగానికి పైన ఉండే ఎముక) మీది బొడిపె దాకా బిగించి కట్టినట్టు ఒక పట్టీ ఉంటుంది. ఆ పట్టీకి కాస్త పైన, పొట్ట గోడ పొరల మధ్య సుమారు 4 సెంటీమీటర్ల సందు ఏటవాలుగా కిందికీ మధ్యకూ సాగుతుంది. మగవారిలో వీర్యనాళం, వృషణపు రక్తనాళాలు కలిసిన పేట ఇందులోంచే వెళ్తుంది. ఆడవారిలో గర్భాశయపు గుండ్రటి బంధనం. సందు మొదలయ్యే రంధ్రం ఆ పట్టీ నడిమధ్యకు సుమారు 1.25 సెంటీమీటర్ల పైన ఉంటుంది. బయటపడే రంధ్రం జఘనాస్థి బొడిపె దగ్గర, కొంచెం పైగా ఉంటుంది.

పేగో కొవ్వో మొదటి రంధ్రంలో దూరి, సందు వెంబడి సాగి, రెండో రంధ్రం దాకా వస్తే అది ఇన్‌డైరెక్ట్, అంటే వ్యాసంలోని ‘పరోక్ష’. మొదటి రంధ్రం జోలికి పోకుండా, సందు వెనక గోడ సడలిన చోట ముందుకు తోసుకొస్తే డైరెక్ట్, అంటే ‘ప్రత్యక్ష’. ఒకటి గుమ్మంలోంచి వచ్చింది, రెండోది గోడకు కన్నం వేసుకుని వచ్చింది. అందుకే డైరెక్ట్‌ను ‘తిన్నని హెర్నియా’, ఇన్‌డైరెక్ట్‌ను ‘ఏటవాలు హెర్నియా’ అంటే నాకు నచ్చుతుంది. ఇంగ్లీషు వైద్యగ్రంథాల్లోనూ ఇన్‌డైరెక్ట్‌కు ‘ఆబ్లిక్’ అనే పాత పేరు ఉండేది. అంత సాహసం వద్దనుకుంటే డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ అనే రాసుకోవచ్చు. డాక్టరు చీటీలో ఉండేవీ అవే.

పేరు ఏది పెట్టినా క్రియ సరిగ్గా వాడితే సగం గొడవ తీరుతుంది. ఏటవాలుది ‘దిగుతుంది’, ‘జారుతుంది’. అది పేట వెంబడే నడుస్తుంది కనుక వృషణాల సంచి దాకా పోగలదు. తిన్ననిది ‘ఉబుకుతుంది’, ‘పొడుచుకొస్తుంది’. సంచిలోకి దిగడం అరుదు. రెంటికీ కలిపి ‘జారుతుంది’ అని రాసేస్తున్నారు, అక్కడే తేడా మాసిపోతోంది.

మీరు అడగకపోయినా మరో మాట చెప్పాలి. ఈ రెంటికీ హద్దు, పొట్ట గోడ లోపల కింది నుంచి పైకి పోయే ఒక రక్తనాళాల జత. దానికి ‘లోపలి వైపు’ వస్తే డైరెక్ట్, ‘బయటి వైపు’ వస్తే ఇన్‌డైరెక్ట్ అని రాస్తుంటారు. తెలుగులో లోపల అంటే లోతున అని కూడా అర్థం. సందు మొదటి రంధ్రాన్నీ ‘లోపలి రంధ్రం’ అనే అంటారు. దాంతో లోపలి రంధ్రంలోంచి వచ్చేది బయటి వైపు హెర్నియా అవుతుంది! దిక్కు చెప్పేటప్పుడు ‘బొడ్డు గీత వైపు’ (ఒంటి నడిమి గీత వైపు), ‘తుంటి వైపు’ అంటే చిక్కు ఉండదు. రక్తనాళాలకు తుంటి వైపు నుంచి వచ్చేది ఏటవాలుది. బొడ్డు గీత వైపు, ఆ నాళాలకూ పొట్ట ముందుండే నిలువు కండరానికీ కింది పట్టీకీ మధ్యనున్న త్రికోణంలోంచి వచ్చేది తిన్ననిది. ఆ త్రికోణాన్ని 1759లో పుట్టిన జర్మన్ శరీరశాస్త్రవేత్త హెసెల్‌బాక్ పేరుతో పిలుస్తారు.

‘ఏటవాలుది పుట్టుకతో వస్తుంది’ అన్న వాక్యాన్నీ జాగ్రత్తగా రాయాలి. గర్భంలో వృషణం పొట్టలోంచి కిందికి దిగేటప్పుడు పొట్ట లోపలి పొర కూడా ఒక తిత్తిలా వెంట సాగుతుంది. తర్వాత అది మూసుకుపోవాలి. మూసుకోకపోతే ఆ తిత్తిలోకే పేగు దిగుతుంది. పసితనంలో దిగవచ్చు, నలభై ఏళ్లకూ దిగవచ్చు. కాబట్టి పుట్టుకతో మిగిలింది తిత్తి అనాలి, హెర్నియా ఎప్పుడైనా రావచ్చు. తిన్ననిది ఎక్కువగా వయసు మళ్లిన మగవారిలో, గోడ కండరం సడలాక వచ్చేది.

ఇక వరిబీజం. వరిబీజంలో దిగేది నీరు, హెర్నియాలో దిగేది పేగు. ఆయుర్వేదం చెప్పిన ఏడు రకాల ‘వృద్ధి’ (వృషణాల వాపు)లోనూ మూత్రవృద్ధి (నీటి వాపు), ఆంత్రవృద్ధి (పేగు వాపు) వేరువేరు. జనం కలిపేయడానికి కారణం లేకపోలేదు: ఆ తిత్తి కింది భాగమే వృషణం చుట్టూ మిగిలి ఉంటుంది, వరిబీజంలో నీరు చేరేది అందులోనే. ‘బుడ్డ దిగింది’ అనే వాడుక మాట రెంటికీ చెల్లుతుంది కూడా. కానీ వాపు పైఅంచు వేళ్లకు దొరికి, పైన పేట విడిగా తెలిస్తే అది సాధారణంగా వరిబీజం. వాపు గజ్జలోకి సాగిపోయి పైఅంచు దొరకకపోతే హెర్నియా. వ్యాసకర్త ‘బుడ్డ’ అని రాసి ఊరుకుంటే సరిపోయేది, ‘వరిబీజం అనే హెర్నియా’ అనడం మాత్రం తప్పే.