ఆదోని పల్లెల్లో ఉచిత యోగా శిబిరానికి పేదలు ఎందుకు రావడం లేదు?

ఆదోని చుట్టుపక్కల మీరు ఉచితంగా యోగా, ధ్యానం నేర్పుతూ ఆయుర్వేద సలహాలు ఇస్తున్నా ఎస్సీ కాలనీల నుంచి, వలస కూలీల ఇళ్ళ నుంచి ఎవరూ రావడం లేదని రాశారు. ఇదే ప్రాంతంలో కొన్నేళ్ళుగా ఆడవాళ్ళకు యోగా నేర్పుతున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు మీరు చాపలు ఎక్కడ పరుస్తున్నారో చూసుకోండి. గుడి మండపంలోనో, ఊరి పెద్దల వసారాలోనో అయితే, రావద్దని ఎవరూ అనకపోయినా కాలనీవాళ్ళు రారు. తరతరాలుగా వాళ్ళను కూర్చోనివ్వని చోటు అది. కాలనీలోని అంగన్‌వాడీలో పెట్టండి, మిగతా ఊరినే అక్కడికి రానివ్వండి. మేము అలా మార్చాక పాతవాళ్ళు కొందరు మానేశారు. అందుకు నేను బాధపడలేదు.

తర్వాత వేళ. పొద్దున ఆరింటికి మన ఆడవాళ్ళు సద్ది కట్టుకుని పొలానికి ఆటో ఎక్కుతుంటారు. యోగా దినోత్సవం జరిపే జూన్ 21 నాటికి తొలకరి పడితే పత్తి, వేరుశనగ విత్తే హడావుడి ఉంటుంది. దీపావళి దాటాక కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే కోతల కూలికి వలస, బయలుదేరుతాయి, మిరపకాయలు కోయడానికి గుంటూరు దాకా వెళతాయి. ముసలివాళ్ళు మాత్రం ఇళ్ళకు కాపలా ఉంటారు. ఆ నెలల్లో నలభై రోజుల కోర్సు పెడితే ఎవరు వస్తారు? ఫీజు లేకపోయినా ఒక పూట కూలి పోతే అది వాళ్ళకు ఉచితం కాదు. రాత్రి వంటలు అయ్యాక అరగంట పెట్టుకోవడం మాకు కుదిరింది.

నేర్పేది కూడా వాళ్ళ ఒంటికి తగినదై ఉండాలి. రోజంతా వంగి పత్తి తీసి, కలుపు తీసి వచ్చిన మనిషికి పద్మాసనం ఎందుకు? గోడకు ఆనుకుని నడుము నిటారు చేయడం, భుజాలు వదులు చేయడం, పడుకుని నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలడం చాలు. బాదం, తేనె, నెయ్యి అని పథ్యాలు చెప్పకండి. కొర్రలు, రాగి సంగటి, నువ్వుల నూనె ఇక్కడివే. ఉర్దూ మాట్లాడే ఇళ్ళ ఆడవాళ్ళు తలుపు వేసిన గది, నేర్పడానికి ఆడమనిషి కావాలని అడిగారు. మంత్రాలు లేకుండా ఊపిరి కసరత్తు మొదలుపెడితే శ్రద్ధగా చేశారు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. బీపీ, షుగర్ మాత్రలు మానేయమని ఎవరికీ చెప్పకండి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కషాయం ఇచ్చి పంపకుండా కఫం పరీక్షకు పంపండి. క్షయ అని తేలితే మందులు ఉచితం, పౌష్టికాహారానికి నెలకు వెయ్యి రూపాయలు కూడా వస్తాయి. ప్రత్యామ్నాయ వైద్యం పేరుతో పేదవాడికి అసలు వైద్యం దూరం చేయడం కన్నా అన్యాయం లేదు.

నిద్ర పట్టడం లేదు, గుండె దడగా ఉందని వచ్చేవాళ్ళ వెనక చాలాసార్లు అప్పు ఉంటుంది, ఇంట్లో తాగుడు ఉంటుంది. ధ్యానం అప్పు తీర్చదు. కూర్చోబెట్టి వినండి, అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలిమానస్ 14416కు అక్కడి నుంచే ఫోను చేయించండి, ఉచితం. పల్లెల్లో మానసిక వైద్యం కుదరదనే మాట నమ్మకండి. మన పక్కనున్న బళ్ళారి జిల్లాలోనే 1980లలో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి ఆ పని నేర్పారు. 1996లో దేశంలో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా.

మన ఊళ్ళలో వైద్యం, పురుడు పోయడం మంగళివాళ్ళ చేతుల్లో, మంత్రసానుల చేతుల్లో ఉండేవి. వాళ్ళకు తెలిసినదాన్ని ఇప్పుడు మనం శిబిరం పెట్టి వాళ్ళకే నేర్పబోతున్నాం. అలాంటి పెద్దావిడ ఎవరైనా ఉంటే పిలిచి, నూనె మర్దన ఆమె చేత నేర్పించి, డబ్బు ఇవ్వండి.

దాతలు బ్యానర్లు, టీషర్టులు ఇస్తామంటే వద్దని చెప్పండి. ఆ డబ్బుతో కాలనీకి చెందిన ఒక అమ్మాయికి శిక్షణ ఇప్పించి నెల జీతం పెట్టండి. ఆమెకు కన్నడం, ఉర్దూ కూడా వస్తే మరీ మంచిది, ఈ కర్ణాటక సరిహద్దు పల్లెల్లో తెలుగు ఒక్కటే సరిపోదు.