కెమెరాకి ఆనకట్ట ఆగుతుందా?

ప్రశ్న: అమ్మా, అమెజాన్ అడవుల్లో ఆదివాసీ ఆడపిల్లలు సినిమాలు తీసి తమ నదిని కాపాడుకున్నారని మా మనవరాలు చెప్పింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. పోలవరం ముంపు గొడవల్లో మా వైపూ టీవీలవాళ్లు వచ్చారు, తీసుకున్నారు, పోయారు. కెమెరాకి ఆనకట్ట ఆగుతుందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కుక్కునూరు

జవాబు: మాస్టారూ, ఒక్క కెమెరాకే అయితే ఆగదు. అలాగని మీ మనవరాలు చెప్పింది గాలికబురూ కాదు.

ఆ అమ్మాయి విన్నది బహుశా ముండురుకు అనే ఆదివాసీల సంగతి. బ్రెజిల్‌లోని పరా రాష్ట్రంలో తపజోస్ నది ఒడ్డున ఉంటారు వాళ్లు. ఆ నది మీద 8,040 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టు కట్టాలని అక్కడి ప్రభుత్వం పట్టుబట్టింది. కడితే సవ్రే ముయ్‌బు అనే ప్రాంతంలో వాళ్ల ఊళ్లు మునుగుతాయి. ఆదివాసీ భూమిగా గుర్తించిన చోటు నుంచి జనాన్ని లేపడానికి అక్కడి రాజ్యాంగం అంత సులువుగా ఒప్పుకోదు. దాంతో అసలు గుర్తించడమే వాయిదా వేసుకుంటూ పోయారు. హద్దులు తేల్చే నివేదిక సిద్ధమయ్యాక కూడా, ఆదివాసీ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ ఫునాయ్ దగ్గరే మూలుగుతూ ఉంది. ఫైలు ఎందుకు కదలదో మీకు నేను చెప్పాలా!

2014లో ముండురుకులు ఇక చూసి చూసి, కత్తులు పట్టుకుని అడవిలో తమ హద్దు బాట తామే కొట్టుకుంటూ పోయారు. సర్కారు బోర్డుల్లాంటి బోర్డులే తయారు చేసి పెట్టుకున్నారు. ఆ పోరాటంలోంచి వచ్చిందే దాజె కపప్ ఎయ్‌పి అనే వీడియో బృందం. అల్దిరా అకాయ్, బెకా ముండురుకు, రిల్సేలియా అకాయ్ అనే ముగ్గురు యువతులది అది.

మీ ఊరొచ్చిన టీవీవాళ్లకు కావలసింది ఏడుపు. అది దొరగ్గానే మైకు చుట్టేసి బండెక్కుతారు. ఈ అమ్మాయిలు అక్కడివాళ్లే. ఏ పెద్దామె నోరు విప్పితే సభంతా వింటుందో వాళ్లకు తెలుసు, అడిగేది సొంత భాషలో. హద్దు బాట, దొంగకలప లాగిన దారి, బంగారం తవ్వకాలతో బురదెక్కిన నీళ్లు... రేపెవరైనా వచ్చి ‘ఇక్కడ మనుషులే లేరు’ అంటే చూపించడానికి ఇవి ఉంటాయి.

ఒక్క ఉదాహరణ చెప్తాను. అదే 2014లో ముండురుకులతో జరిగిన సమావేశంలో, నివేదిక ఆగిపోవడం వెనక ప్రాజెక్టు ఒత్తిడి ఉందని ఫునాయ్ అధ్యక్షురాలే ఒప్పుకున్నారు. ఆ మాటలు వీడియోలో ఉన్నాయి. మనవైపు ఆఫీసుల్లో అయినా ఇంతే కదా, నోటితో అన్నది ఏనాడైనా కాగితం మీదికి వచ్చిందా? కెమెరా పనికొచ్చేది అక్కడ.

2016 ఏప్రిల్‌లో నివేదిక బయటికొచ్చింది. ఆగస్టులో పర్యావరణ సంస్థ ఇబామా ప్రాజెక్టు అనుమతి ప్రక్రియను మూసేసింది. సుమారు 1,78,000 హెక్టార్లను ముండురుకుల భూమిగా ప్రకటిస్తూ న్యాయమంత్రి సంతకం పెట్టేసరికి 2024 సెప్టెంబరు వచ్చింది. ఇదంతా కెమెరా ఖాతాలో వెయ్యను. కోర్టు కేసులున్నాయి, ఊరేగింపులున్నాయి, ఫెడరల్ ప్రాసిక్యూటర్ల పట్టుదల ఉంది.

అలాగని నది బాగుపడిందీ లేదు. బంగారం వేరుచేయడానికి వాడే పాదరసం నీళ్లలోంచి చేపల్లోకి, చేపల్లోంచి పిల్లల్లోకి చేరుతోంది. 2019లో బ్రెజిల్ ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఫియోక్రూజ్ పరిశోధకులు మూడు ఊళ్లలో సుమారు 200 మంది జుట్టు పరీక్షిస్తే, పాదరసం లేని మనిషి లేడు. పదిమందిలో ఆరుగురికి ఉండదగిన మోతాదు దాటి ఉంది. ఆనకట్ట అయితే కంటికి కనబడుతుంది గనక పోట్లాడొచ్చు. ఈ విషాన్ని ఎలా చూపించాలన్నది ఆ అమ్మాయిలకు ఇంకా కష్టమైన పని.

ప్రశ్న: అక్కా, మా ఊరి గెడ్డ పక్కన తవ్వకాలు మొదలయ్యాయి. నా దగ్గర ఫోను తప్ప ఏమీ లేదు. సరిపోతుందా?
– డిగ్రీ విద్యార్థిని, పాడేరు

జవాబు: సరిపోతుందమ్మా. మొదట్లోనే తేదీ, ఊరు, గెడ్డ పేరు నీ గొంతుతో చెప్పు. మధ్యలో ఆపకుండా తియ్యి. మనిషిని తీసే ముందు అడుగు, వద్దంటే వదిలెయ్యి. ఒక్కదానివే మాత్రం వెళ్లకు.

పైన చెప్పిన ముండురుకుల్లోనే అలెస్సాండ్రా కొరప్ అనే నాయకురాలు ఉంది, 2023లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి అందుకుంది. 2019లో ఆమె ఇంట్లో దొంగలు పడి ఫోను, కాగితాలు, మెమొరీ కార్డులు పట్టుకుపోయారు. 2021లో మళ్లీ పడి, ఈసారి నిఘా కెమెరా కార్డు కూడా ఊడబీక్కుపోయారు. వచ్చినవాళ్లకు ఏం కావాలో అర్థమైంది కదా? అందుకని తీసిన రోజే ఒక కాపీ వేరే ఊళ్లో, నమ్మకమైన మనిషి దగ్గర ఉండాలి. వాట్సాప్‌లో మామూలు వీడియోలా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, ఫైలులోని తేదీ వివరాలూ పోవచ్చు. డాక్యుమెంటుగా పంపు.